అద్దంలో కుడిచేతి దర్జీ

పోయినవారం మన గొలుసాయనను చిత్రశాల వరండాలో, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. టీలు మాత్రం చల్లారిపోయాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. గొలుసాయన సర్వే ఆఫీసులో పనిచేస్తాడు. వీధులు కొలిచే ఇనప గొలుసు ఒకటి తండ్రి నుంచి అతనికి వచ్చింది. ఇప్పుడు కొలతలన్నీ మిషన్లే తీస్తున్నా ఆ గొలుసు ఇంట్లో ముందుగది మేకుకు వేలాడుతూనే ఉంటుంది. దాని మీద దుమ్ము దులపాలన్నా అతనే దులపాలి. భార్య వేలు తగిలినా విసుక్కుంటాడు. ఆ భార్య చిత్రశాలలో పాత చిత్రాలను బాగుచేస్తుంది. పుల్లకు దూది చుట్టి, మందులో ముంచి, ఏళ్లనాటి మసిని గోరంత గోరంత తుడుస్తుంది కనక అందరికీ ఆమె దూదమ్మ. ఇక మూడో మనిషి భూతద్దం. పాత చిత్రాలు చూసి, కూలిపోయిన కట్టడాలు ఒకప్పుడు ఎక్కడ ఉండేవో చెప్పడం అతని విద్య. ఊరి పెద్దలు పట్టుబట్టి పిలిపించారు. నల్లతాడుకు కట్టిన భూతద్దం మెడలో వేసుకుని, ఎవరితో మాట్లాడినా దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ ఉంటాడు.

జంట బురుజుల వీధి చిత్రం ఒకటి బయటపడింది. ఆ వీధిలో ఇప్పుడు పాతవంటూ మిగిలినవి ఈ చివర దిగువ బురుజు, ఆ చివర ఎగువ బురుజు. రెండూ కవలపిల్లల్లా ఒక్కలాగే ఉంటాయి. చిత్రంలో మాత్రం ఎడమవైపు బురుజును ఆనుకుని పెద్ద నాటకశాల ఉంది. దాని గురించీ, దాని నేలమాళిగలో ఉండిపోయిందనే సొమ్ము గురించీ విననివాళ్లు లేరు, అది ఎక్కడుండేదో తెలిసినవాళ్లూ లేరు. వంతెన మీద నిలబడి చూస్తే ఎడమవైపు వచ్చేది దిగువ బురుజు కాబట్టి, దాని పక్కన బళ్లు నిలిపే స్థలంలో తవ్వాలని భూతద్దం తేల్చాడు. రేపు ఉదయమే తవ్వకం. మేయరు వచ్చి మొదటి గునపం వేస్తాడు.

తవ్వకం గురించి పెట్టిన మీటింగులో అడ్డం తిరిగినవాడు గొలుసాయన ఒక్కడే. “బొమ్మలో వీధి కుడివైపుకి వాలుతోంది. అసలు వీధి ఎడమవైపుకి వాలుతుంది. ముక్కాలి స్టాండు పెట్టిన ప్రతిసారీ ఎడమ కాలు పొడుగు చేసుకునేవాణ్ణి నేను. ఎక్కడో తప్పుంది” అన్నాడు. భూతద్దం తన భూతద్దాన్ని తిప్పుతూ, “సర్వేయర్ గారూ, పాపం ఆ చిత్రకారుడు మీ గొలుసు అరువు తెచ్చుకోలేదండీ” అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అంతవరకైతే గొలుసాయన సర్దుకునేవాడే. దూదమ్మ కూడా నవ్వింది.

అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఇవాళ మనసు ఎలాగో కూడదీసుకుని, రాజీ పడదామని రెండు టీలు పట్టుకుని భార్య పనిగదికి వచ్చాడు. తీరా వస్తే లోపల మూడో గొంతు వినిపించింది.

తలుపు ఓరగా ఉంది. అడ్డంగా మందుసీసాల అలమర ఉండటం వల్ల లోపలున్నవాళ్లు నేరుగా కనపడరు. కానీ పక్కగోడకు నిలువెత్తు అద్దం ఒకటి ఆనించి ఉంది. దూదమ్మకు ఒక అలవాటు. చిత్రం మీద ఎక్కడైనా అతుకు వేస్తే, దాన్ని అద్దంలో ఓసారి చూసుకుంటుంది. రోజూ చూసే కంటికి ఆనని లోపం అద్దంలో ఇట్టే పట్టుబడుతుందంటుంది. అందుకని ఆ అద్దం ఎప్పుడూ ఆమె కుర్చీ వెనకే ఉండేది. ఈమధ్య ఇలా పక్కగోడకు మారింది. ఎందుకు మారిందో గొలుసాయన అడగలేదు. తలుపు దగ్గర నిలబడితే లోపలున్నవాళ్లు అందులో చక్కగా కనపడుతున్నారు కదా, అతనికి అదే పదివేలు.

అవును, ఇది మొదటిసారి కాదు. మన కథానాయకుడని వెనకేసుకు రావడం నావల్ల కాదు.

అద్దంలో ఇద్దరూ చిత్రం మీదికి వంగి ఉన్నారు. ఆ రెండు భుజాల మధ్య దూరం కొలవడానికి గొలుసాయనకు ఏ సాధనమూ అక్కర్లేకపోయింది. జానెడు. నిన్న ఇంకా ఎక్కువే ఉంది.

“మీలాంటి కన్ను నేనెక్కడా చూడలేదండీ. ఎన్ని ఊళ్లు తిరిగానో! ఒట్టు” అంటున్నాడు భూతద్దం.

దూదమ్మ తల దించుకుని నవ్వింది. మొహమాటమూ సంతోషమూ కలిసిన నవ్వు. ఆ నవ్వు తనకు చివరిసారి ఎప్పుడు దక్కిందా అని గొలుసాయన గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

“అబ్బే, నాదేముందండీ. ఇదిగో, మా ఎడంచేతి మావయ్యని చూశారా? కత్తెర మీద మెరుపు ఇవాళే తేలింది” అంది దూదమ్మ.

ఈ మావయ్య చిత్రంలోని దర్జీ. నాటకశాల అరుగు మీద కూర్చుని, ఎడమ చేత్తో గుడ్డ కత్తిరిస్తూ ఉంటాడు. మసి కింద నుంచి ఆ ముసలాయన బయటపడ్డ రోజున దూదమ్మ ఇంటికొచ్చి పండగలా చెప్పింది. వరస కలిపి మావయ్యను కూడా చేసుకుంది. గొలుసాయనకు ఇప్పుడా మావయ్య మీదా ఒళ్లు మండింది. ఏమిటో వాడి గొప్ప అని అద్దంలోకి మెడ చాచి చూశాడు.

దర్జీ కుడి చేత్తో కత్తిరిస్తున్నాడు.

గొలుసాయన కళ్లు నులుముకుందామంటే రెండు చేతుల్లోనూ టీలు ఉన్నాయి. మళ్లీ చూశాడు. కుడి చెయ్యే. పక్కన చెప్పులు కుట్టేవాడి సుత్తీ కుడి చేతిలోనే ఉంది. అద్దంలో కుడి ఎడమలు మారతాయన్న సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. అతన్ని నిలేసింది అది కాదు. అద్దంలో వీధి ఎడమవైపుకు వాలుతోంది. ఎడమ చివర దిగువ బురుజు, పైకి వెళ్లేకొద్దీ అరుగుల ఎత్తు తగ్గుతూ కుడి చివర ఎగువ బురుజు. అది తాను రోజూ నడిచే వీధి. ఎడమ కాలు పొడుగు చేసి స్టాండు నిలబెట్టే వీధి.

బొమ్మ తిరగబడింది! వెనకటి చిత్రకారులు చీకటి పెట్టె వాడేవారని దూదమ్మే ఎప్పుడో చెప్పింది. పెట్టెకు ముందు కటకం, లోపల వాలుగా ఒక అద్దం, పైన గాజుపలక. వీధి వచ్చి ఆ గాజు మీద పడుతుంది, దాని మీద కాగితం పెట్టి దిద్దుకోవడమే. సుఖమైన పనే కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. జాగ్రత్తపరుడు తరవాత సరిచేసుకుంటాడు. ఈ మహానుభావుడు సరిచేసుకోలేదు. అంటే నాటకశాల దిగువ బురుజు దగ్గర లేదు. ఎగువ బురుజు దగ్గర ఉంది.

లోపలికి పరిగెత్తి చెప్పాలి కదా? గొలుసాయన అడుగు వేయబోయాడు కూడా. ఇంతలో భూతద్దం మరేదో అన్నాడు, దూదమ్మ మళ్లీ నవ్వింది. అతని అడుగు వెనక్కి వచ్చింది. టీలు రెండూ వరండాలోని పూలకుండీలో పోసి బయటపడ్డాడు.

వంతెన మీద నిలబడి వీధిని చాలాసేపు చూశాడు. చూసేకొద్దీ గుండె తేలికైంది. రేపు తవ్వనీ. మేయరు గునపం వేయనీ. మట్టి తప్ప ఏమీ రాదు. అప్పుడు పదిమందిలో ఆ నల్లతాడు పెద్దమనిషి మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలి. అప్పుడు తాను నెమ్మదిగా ముందుకు వచ్చి వాలు సంగతి మళ్లీ ఎత్తుతాడు. ఈసారి ఎవరు నవ్వుతారో చూద్దాం. ఈ ఊహతోనే ఇంటికి చేరాడు. పెళ్లప్పుడు కూడా మనిషి అంత హుషారుగా నడిచి ఉండడు.

గుమ్మంలో అత్తగారు ఎదురైంది. దూదమ్మ తల్లి వీళ్ల దగ్గరే ఉంటుంది. ఆవిడకు భూతద్దమంటే గొప్ప అభిమానం.

“అల్లుడుగారూ, ఇందాక ఆ భూతద్దం అబ్బాయి వచ్చి వెళ్లాడు. ఎంత మర్యాద! మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. మీరున్నారు, ఇన్నేళ్లలో ఒక్కనాడు...”

“అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఆ పేరు ఎత్తకండి.”

“అది కాదండీ, ఎందుకొచ్చాడంటే...”

“ఎందుకొస్తే నాకేంటి? తరవాత చెప్పండి. తల పగిలిపోతోంది.”

“మంచిదే. అడిగినప్పుడే చెబుతా” అని ఆవిడ మూతి ముడుచుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. గొలుసాయన ముందుగదిలో కుర్చీ లాక్కుని, గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. రేపటి దృశ్యాన్ని మరోసారి కళ్లముందు ఆడించుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు దూదమ్మ వచ్చింది. ఆమె మొహం చూడగానే అలిగి కూర్చున్నవాళ్లెవరైనా అలక మరిచిపోతారు, అంత వెలుగు ఉంది. చంకలో చుట్టిన కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. రేపు తవ్వకం దగ్గర నిలబెట్టే బోర్డు నమూనా.

“చూడండి. మొదటి పేరు నాది. ఆయనది నా కింద! ఇన్నేళ్లు ఎవరెవరివో బొమ్మలు తుడిచాను, ఒక్కదాని కిందా నా పేరు లేదు.” వేలు పెట్టి చూపించింది. “మూడోది చదవండి.”

మూడోది తన పేరు. దాని పక్కన ‘కొలతలు’. ఆ కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ‘వీధి వాలు విషయంలో సర్వేయరు లేవనెత్తిన అనుమానం ఇంకా తేలవలసి ఉంది.’

“ఆయన వద్దన్నాడు. బోర్డు మీద అనుమానాలేంటండీ అన్నాడు. ఉండాల్సిందేనని నేనే పట్టుబట్టాను. ఆవేళ నేను నవ్వకుండా ఉండాల్సింది. అందరూ నవ్వుతుంటే వచ్చేసింది. తప్పేనండీ.” అతని చొక్కా వంక చూసి, “రేపు ఆ నీలం చొక్కా వేసుకోండి, బాగుంటుంది” అంది.

గొలుసాయన ఆ వాక్యం వంక చూస్తూ కూర్చున్నాడు. వంతెన మీద అంత కమ్మగా ఉన్న ఊహ ఇప్పుడు చేదెక్కింది. రేపు మట్టి తప్ప ఏమీ రాకపోతే పదిమందీ ముందు చదివే పేరు ఎవరిది?

“రేపు తవ్వించకు” అన్నాడు.

“ఏంటి?”

“అక్కడ నాటకశాల లేదు. బొమ్మ తిరగబడి ఉంది.”

దూదమ్మ మొహంలో వెలుగు పోయింది. “మళ్లీ మొదలెట్టారా? ఆయనంటే మీకు పడదు. సరే, పడొద్దు. మధ్యలో నా పనేం చేసింది మిమ్మల్ని? నా పేరు పైకొస్తే చూడలేకపోతున్నారా?”

“మీ మావయ్యది ఎడమచేతివాటం కాదు.”

“ఏమన్నారు?”

“చెప్పులు కుట్టేవాడిది కూడా కాదు. ఒక్క అరుగు మీద ఇద్దరికిద్దరూ ఎడమచేతివాళ్లు ఎక్కణ్ణుంచి దొరికారు చెప్పు? బొమ్మంతా కుడి ఎడమలు మార్చి చూడు. వాలు దానంతటదే సరిపోతుంది.”

ఇంకొకరైతే వాదించేవారు. దూదమ్మకు ఆ చిత్రంలో ప్రతి గోరంతా తెలుసు. ఆమె కళ్లు గాలిలో ఆ చిత్రాన్ని తిప్పి చూస్తున్నాయని గొలుసాయనకు అర్థమైంది.

“చీకటి పెట్టె” అంది మెల్లగా. “అయ్యో! చీకటి పెట్టె. నాకెందుకు తట్టలేదు?” వెంటనే తలెత్తింది. “మీకెప్పుడు తెలిసింది?”

“మధ్యాహ్నం.”

“ఎలా?”

“అద్దంలో.”

“ఏ అద్దంలో?”

ఈ ప్రశ్న వస్తుందని అతనికి ఇంతవరకూ తట్టలేదు. తప్పు ఎలా కనిపెట్టాడో చెప్పాలంటే తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో చెప్పాలి.

“నీ గదిలో అద్దంలో. తలుపు దగ్గర్నుంచి.”

“లోపలికి రాకుండా తలుపు దగ్గరేం చేస్తున్నారు?”

“టీ తెచ్చాను.”

“ఏదీ టీ?”

“చల్లారిపోయింది” అన్నాడు గొలుసాయన, నేల చూపులు చూస్తూ.

దూదమ్మ కుర్చీలో కూర్చుంది. “నాకు తెలుసు. నిన్నా నిలబడ్డారు, మొన్నా నిలబడ్డారు. ఆ అద్దంలో నాకు తలుపు కనిపిస్తుంది. మీరు బొమ్మని చూశారు, నేను మిమ్మల్ని చూశాను.”

“చూసి మరి పిలవలేదేం?”

“మీ అంతట మీరే లోపలికొస్తారేమోనని చూశాను. రాలేదు.”

గొలుసాయనకు తల కొట్టేసినట్టయింది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కనక ఉన్నదంతా కక్కేశాడు. “అవును, కుళ్లుకున్నాను. అతను నీ పక్కన కూర్చుంటే కుళ్లు. నీ కన్ను గురించి అన్న మాట విని ఇంకా కుళ్లు. నువ్వు నవ్వావు చూడు, అప్పుడైతే కళ్లల్లో కారం కొట్టినట్టయింది. ఆ దర్జీ ముసలాడి మీద కూడా కుళ్లుకున్నాను, చాలా?”

“కన్ను గురించి ఆయనన్నాడు. మీరెప్పుడైనా అన్నారా?”

గొలుసాయన చొక్కా గుండీ సర్దుకున్నాడు.

“అది పోనివ్వండి. మధ్యాహ్నం తెలిసింది. ఇప్పటిదాకా నోరెందుకు విప్పలేదు?”

“అతను నవ్వులపాలవుతాడనుకున్నాను.”

“పక్కన నేను లేనా?” అంది దూదమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని గొలుసాయనకు అనిపించింది.

ఆమే లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, “మీ మ్యాపు తియ్యండి” అంది. గొలుసాయన పెట్టెలోంచి వీధి మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. చిత్రంలోని కట్టడాల గీతలు దించుకున్న పల్చటి ట్రేసింగ్ కాగితాన్ని దాని మీద పెట్టాడు. నాటకశాల దిగువ బురుజు పక్కన బళ్ల స్థలం మీద కూర్చుంది. దూదమ్మ ఆ కాగితాన్ని రెండు అంచులు పట్టుకుని, పుటలా తిరగేసి మళ్లీ పరిచింది. కవల బురుజులు ఒకదాని చోట ఒకటి సరిగ్గా అమరిపోయాయి. నాటకశాల జరిగి ఎగువ బురుజు పక్కకు వెళ్లింది. అక్కడ ఇప్పుడు ఖాళీ స్థలం లేదు. చిత్రశాల ఉంది.

“మన చిత్రశాలే” అన్నాడు గొలుసాయన. “వెనకభాగం. నేల కింద పాత ఫ్రేములు పడేసే గది లేదూ? సరిగ్గా అక్కడ.”

దూదమ్మ కాగితం వదిలేసింది. మొహం పాలిపోయింది.

“ఏమైంది?”

“అద్దం పక్కకి పెట్టమన్నది ఆయనే” అంది. “వచ్చిన కొత్తలో అడిగాడు, బొమ్మల్ని అద్దంలో చూస్తుంటారా అని. రోజూ చూస్తానన్నాను. మర్నాడే, దాని మెరుపు కళ్లలో పడుతోందండీ, పక్కకి పెడదాం అన్నాడు. తనే మోసుకెళ్లి ఆ గోడకి పెట్టాడు. అక్కడైతే నా కుర్చీలోంచి బొమ్మ కనపడదు.”

“అంటే అతనికి ముందే తెలుసు!”

“తెలుసు. ఊరందరినీ దిగువ బురుజు దగ్గర నిలబెట్టి, తను ఎగువ బురుజు దగ్గర సొమ్ము వెతుక్కోవాలని.” ఆమె బోర్డు కాగితాన్ని పక్కకు నెట్టింది. “మీలాంటి కన్ను చూడలేదన్నాడే, అది మెప్పు కాదు. ఈ కన్ను ఎక్కడ కనిపెట్టేస్తుందోనని భయం. నేనేమో పిచ్చిదాన్ని, మురిసిపోయాను.”

గొలుసాయన ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా. భూతద్దం అబద్ధాలకోరని తేలాలి, అది దూదమ్మ నోటితోనే తేలాలి. తేలింది. అయినా సంబరం రాలేదు. ఆమె మొహంలో వెలిగింది ఎవరో వచ్చి ఊదేసినట్టుంటే, దాన్ని మళ్లీ వెలిగించడం ఎలాగో తెలియక చేతులు నలుపుకున్నాడు.

“అతను దురుద్దేశంతోనే అన్నాడు, కాదనను. కానీ మాట మాత్రం నిజం. నీ కన్నులాంటిది లేదు. నేను ఎప్పుడో అనాల్సింది” అన్నాడు చివరికి.

దూదమ్మ అతని వంక చూసింది. ఇంకో రోజైతే ఆ మాట దగ్గర కథ కాసేపు ఆగేది. ఇవాళ ఆగలేదు. ఆమె చటుక్కున చేతిసంచీ విప్పి లోపల వెతికింది. వెతకడం సగంలోనే మానేసింది.

“తాళంచెవి ఇచ్చేశాను. ఆ కింద గదిది. పాత ఫ్రేములు చూసుకుంటాను, ఒక్క పూట ఇవ్వండి అన్నాడు. ఇందాక వచ్చేముందే ఇచ్చాను.”

“గాభరా పడకు” అన్నాడు గొలుసాయన. ఎంతైనా తన విద్య కదా, గొంతులోకి ధీమా వచ్చింది. “ఆ గది నాకు తెలుసు. నాలుగువైపులా ఒక్కలాంటి గోడలే. లోపలి కొలతా బయటి కొలతా తీసి పోల్చుకుంటే గానీ ఏ గోడ వెనక నాటకశాల ఖాళీ మిగిలి ఉందో తెలీదు. ఆఫీసు మిషన్లన్నీ బీరువాలో ఉన్నాయి, దాని తాళం నా జేబులో ఉంది. కొలిచే సాధనం లేకుండా ఏం పీకుతాడు?”

వంటగది గుమ్మంలోంచి అత్తగారు తొంగి చూసింది. ఆవిడ ఎంతసేపట్నుంచి అక్కడుందో తెలియదు.

“ఇప్పుడైనా చెప్పనిస్తారా అల్లుడుగారూ? ఆ అబ్బాయి వచ్చింది దానికే. మీరే పంపమన్నారని చెప్పాడు. రేపటి తవ్వకానికి కావాలిట, పొద్దున్నే తెచ్చిస్తానన్నాడు. మీకు ప్రాణమని తెలుసు కాబట్టి, జాగ్రత్త నాయనా అని గుడ్డలో చుట్టి మరీ ఇచ్చాను.”

గొలుసాయన మెల్లగా వెనక్కి తిరిగి గోడ వంక చూశాడు. మేకు ఉంది. మేకు కింద ఏళ్ల తరబడి గొలుసు ఒరుసుకున్న నల్లటి చార ఉంది.

దూదమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది. వీధిలో నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

“రండి” అంది. “ఈసారి తలుపు దగ్గర ఆగిపోకండి.”